పార్టీ డ్రగ్‌కు నెల.. దగ్గు మందుకు 8 నెలలు! ఆటగాళ్ల డ్రగ్స్ కేసుల్లో లీగ్‌ల రూల్స్ ఇలా ఎందుకుంటాయంటే..

ఒకరు దక్షిణాఫ్రికా స్టార్ పేసర్. రిక్రియేషనల్ డ్రగ్ వాడి టెస్టులో దొరికాడు. నెల రోజులు ఆటకు దూరంగా ఉండి తిరిగొచ్చేశాడు. ఇంకొకరు టీమిండియా యంగ్ ఓపెనర్. దగ్గు సిరప్ తాగానని చెప్పాడు. ఎనిమిది నెలల బ్యాన్ పడింది. ఇదేం న్యాయం అనిపిస్తుంది కదా? సోషల్ మీడియాలో ఫ్యాన్స్ అడిగిందీ ఇదే. పెద్ద ప్లేయర్‌కు ఒక రూల్, చిన్న ప్లేయర్‌కు ఇంకో రూలా అని తిట్టినవాళ్లూ ఉన్నారు.

కానీ అసలు విషయం వేరే ఉంది. ఆటలో గెలవడానికి మందు వాడటం ఒకటి, ఆట బయట మత్తుకు అలవాటు పడటం ఇంకొకటి. రూల్స్ ఈ రెండింటినీ వేర్వేరుగా చూస్తాయి. మొదటిది మోసం, దానికి శిక్ష ఉంటుంది. రెండోది జబ్బు లాంటిది, దానికి ముందు చికిత్స అంటారు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఐపీఎల్‌లో ఏం జరుగుతుంది? అమెరికా లీగ్‌లు ఏం చేస్తున్నాయి? రామగిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం గ్రౌండ్లలో ఆడే కుర్రాళ్లకు దీంతో పనేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

రబాడ కేసు: అసలేం జరిగింది?

కగిసో రబాడను గుజరాత్ టైటాన్స్ 10.75 కోట్లకు కొనుక్కుంది. 2025 ఐపీఎల్‌లో రెండు మ్యాచ్‌లు ఆడాడు. ఏప్రిల్ 3న సడెన్‌గా ఇంటికెళ్లిపోయాడు. 'వ్యక్తిగత కారణాలు' అని మాత్రమే ఫ్రాంచైజీ చెప్పింది. మూడు రోజుల తర్వాత ఏప్రిల్ 6న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌తో గుజరాత్ ఆడింది. రబాడ ఎక్కడ అని ఫ్యాన్స్ అడిగితే సమాధానం లేదు.

మే 3న రబాడే నోరు విప్పాడు. రిక్రియేషనల్ డ్రగ్ వాడినట్టు తేలిందని, అందుకే తాత్కాలిక సస్పెన్షన్‌లో ఉన్నానని ప్రకటన ఇచ్చాడు. అభిమానులకు సారీ చెప్పాడు. ఆ శాంపిల్ ఐపీఎల్‌లో తీసింది కాదు. 2025 జనవరి 21న దక్షిణాఫ్రికా లీగ్ ఎస్ఏ20లో ఎంఐ కేప్‌టౌన్, డర్బన్స్ సూపర్ జెయింట్స్ మ్యాచ్ తర్వాత తీసింది. రిపోర్టు వచ్చి, అతనికి కబురు అందేసరికి ఏప్రిల్ వచ్చేసింది. అప్పటికి ఐపీఎల్ మధ్యలో ఉన్నాడు.

ఇక్కడ ఒక పాయింట్ గమనించాలి. శాంపిల్ తీసింది ఒక దేశంలో, ఒక లీగ్‌లో. దెబ్బ పడింది ఇంకో దేశంలో, ఇంకో లీగ్‌లో. వరల్డ్ యాంటీ డోపింగ్ ఏజెన్సీ 'వాడా' కోడ్ కింద ఒకచోట సస్పెండ్ అయితే అన్నిచోట్లా సస్పెండ్ అయినట్టే. లీగ్ మారితే తప్పించుకోవడం కుదరదు.

మరి నెల రోజులే ఎందుకు? దక్షిణాఫ్రికా డోపింగ్ సంస్థ చెప్పిన ప్రకారం, అతనికి దొరికింది 'సబ్‌స్టెన్స్ ఆఫ్ అబ్యూజ్' అనే కేటగిరీ మందు. ఆ కేటగిరీకి ప్రత్యేక రూల్ ఉంది. రబాడ కౌన్సెలింగ్ ప్రోగ్రామ్‌లో చేరాడు, సెషన్లు పూర్తి చేశాడు. మూడు నెలలు పడాల్సింది నెలకు తగ్గింది. జూన్‌లో లార్డ్స్‌లో వరల్డ్ టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడాడు. ఆస్ట్రేలియాపై ఫస్ట్ ఇన్నింగ్స్‌లో 5, సెకండ్ ఇన్నింగ్స్‌లో 4, మొత్తం 9 వికెట్లు తీశాడు. దక్షిణాఫ్రికా కప్పు ఎత్తింది.

ఆ ప్రత్యేక రూల్ ఏంటి?

2021 నుంచి అమల్లోకి వచ్చిన వాడా కోడ్‌లో ఈ కొత్త కేటగిరీ పెట్టారు. అందులో ముఖ్యంగా నాలుగు ఉన్నాయి. కొకైన్, హెరాయిన్, ఎండీఎంఏ అంటే ఎక్స్‌టసీ, గంజాయిలో ఉండే టీహెచ్‌సీ. ఇవి సమాజంలో మత్తు కోసం ఎక్కువగా వాడే మందులని, ఆటలో లాభం కోసం వాడేవి తక్కువని వాడా ఒప్పుకుంది.

రూల్ సింపుల్‌గా చెప్పాలంటే ఇదీ:

• మ్యాచ్ టైమ్‌లో కాకుండా బయట వాడానని, ఆటలో పెర్ఫార్మెన్స్‌తో దానికి సంబంధం లేదని ఆటగాడే నిరూపించుకోవాలి.

• నిరూపిస్తే 3 నెలల బ్యాన్.

• గుర్తింపు ఉన్న చికిత్స ప్రోగ్రామ్ పూర్తి చేస్తే అది నెలకు తగ్గుతుంది.

• నిరూపించలేకపోతే మామూలు డోపింగ్ కేసే. ఏళ్ల తరబడి బ్యాన్ పడొచ్చు.

'మ్యాచ్ టైమ్' అంటే టాస్ పడిన దగ్గర నుంచి అనుకోకండి. సాధారణంగా మ్యాచ్‌కు ముందు రోజు రాత్రి 11.59 నుంచి లెక్క. ఆ గడియారం మొదలైన తర్వాత తీసుకుంటే 'బయట వాడాను' అనే మాట చెల్లదు.

న్యూజిలాండ్ ఆల్‌రౌండర్ డగ్ బ్రేస్‌వెల్‌కూ ఇదే రూల్ పనిచేసింది. 2024 జనవరిలో దేశవాళీ టీ20 మ్యాచ్ తర్వాత తీసిన శాంపిల్‌లో కొకైన్ ఆనవాళ్లు దొరికాయి. మ్యాచ్‌కు ముందు, ఆటకు సంబంధం లేకుండా వాడినట్టు తేలింది. చికిత్స పూర్తి చేయడంతో మూడు నెలలు కాస్తా నెల అయింది.

మన దేశంలో నేషనల్ యాంటీ డోపింగ్ ఏజెన్సీ 'నాడా' రూల్స్ కూడా వాడా కోడ్ ప్రకారమే రాశారు. కాబట్టి ఈ మూడు నెలలు, నెల లెక్క భారత ఆటగాళ్లకూ వర్తిస్తుంది.

మరి దగ్గు మందు కేసు సంగతేంటి?

పృథ్వీ షా. 2019 ఫిబ్రవరి 22న ఇండోర్‌లో సయ్యద్ ముస్తాక్ అలీ టోర్నీ మ్యాచ్‌లో శాంపిల్ ఇచ్చాడు. టెర్బ్యుటలైన్ అనే మందు దొరికింది. ఇది ఊపిరితిత్తుల్లో గాలి దారులను తెరిచే మందు. మామూలుగా ఆస్తమాకు, దగ్గు సిరప్‌లలో వాడతారు. జలుబు, దగ్గు వస్తే మెడికల్ షాపులో సిరప్ కొని తాగానని షా చెప్పాడు. బీసీసీఐ ఆ మాట నమ్మింది. అయినా 8 నెలలు బ్యాన్ వేసింది.

ఎందుకంటే, ఈ మందు వాడా లిస్టులో మ్యాచ్ ఉన్నా లేకున్నా 365 రోజులూ నిషేధమే. ఊపిరి బాగా ఆడితే ఆటలో లాభం ఉంటుందన్నది లెక్క. డాక్టర్ సలహా మీద తప్పనిసరిగా వాడాల్సి వస్తే ముందే అనుమతి తీసుకోవాలి. దాన్నే 'థెరప్యూటిక్ యూజ్ ఎగ్జెంప్షన్' అంటారు. షాకు ఆ అనుమతి లేదు.

అంతకుముందు యూసుఫ్ పఠాన్‌దీ ఇదే కథ. 2017 మార్చి 16న ఢిల్లీలో దేశవాళీ టీ20 తర్వాత ఇచ్చిన శాంపిల్‌లో ఇదే టెర్బ్యుటలైన్ దొరికింది. దగ్గు మందు వల్లే అన్నాడు. 5 నెలల బ్యాన్ పడింది. 2018 జనవరి 9న బీసీసీఐ ఈ విషయం ప్రకటించింది. జనవరి 14తో బ్యాన్ అయిపోయింది. అదే నెలాఖరు వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ 1.9 కోట్లకు కొనుక్కుంది. ఆ సీజన్‌లో హైదరాబాద్ ఫైనల్ దాకా వెళ్లింది.

ఈ రెండు కేసుల్లోనూ ఒక విచిత్రం ఉంది. షా బ్యాన్‌ను 2019 జూలై 30న ప్రకటించారు. కానీ లెక్క మాత్రం మార్చి 16 నుంచి మొదలైంది. మధ్యలో ఐపీఎల్ జరిగింది. అందులో షా ఢిల్లీ క్యాపిటల్స్‌కు ఆడాడు! అంటే కాగితం మీద బ్యాన్‌లో ఉన్న రోజుల్లో గ్రౌండ్‌లో బ్యాటింగ్ చేశాడన్నమాట. అప్పట్లో టెస్టులు చేయించేదీ, విచారించేదీ, శిక్ష వేసేదీ అన్నీ బీసీసీఐనే. దీనిపై విమర్శలు వెల్లువెత్తాయి. కొద్ది రోజులకే, ఆగస్టు 9న, నాడా పరిధిలోకి రావడానికి బీసీసీఐ ఒప్పుకుంది. ఏళ్ల తరబడి సాగిన గొడవకు అలా తెరపడింది.

మందు వాడకపోయినా బ్యాన్!

టెస్టులో దొరికితేనే బ్యాన్ అనుకుంటే పొరపాటే. ఆండ్రీ రస్సెల్ కేసు గుర్తుందా? 2017 ఐపీఎల్‌లో కోల్‌కతా నైట్ రైడర్స్‌కు ఆడలేకపోయాడు. డ్రగ్స్ దొరికాయా అంటే లేదు. తాను ఎప్పుడు ఎక్కడ ఉంటాడో డోపింగ్ అధికారులకు ముందే చెప్పాలి. 12 నెలల్లో మూడుసార్లు ఆ వివరాలు సరిగ్గా ఇవ్వలేదు. ఏడాది బ్యాన్ పడింది. టాప్ ఆటగాళ్లను అధికారులు ఎప్పుడైనా వచ్చి టెస్ట్ చేయొచ్చు. అందుకే ఈ 'వేర్‌అబౌట్స్' రూల్.

ఇక షేన్ వార్న్ సంగతి సీనియర్ ఫ్యాన్స్‌కు తెలిసిందే. 2003 వరల్డ్ కప్ ముందు ఒంట్లో నీరు తగ్గించే మాత్ర వేసుకుని దొరికాడు. అమ్మ ఇచ్చిన మాత్ర అన్నాడు. ఏడాది బ్యాన్. ఇలాంటి మాత్రలు వేరే మందుల ఆనవాళ్లు కనపడకుండా చేస్తాయని వాటినీ నిషేధించారు. 'తెలియక వేసుకున్నా' అంటే శిక్ష కొంచెం తగ్గొచ్చేమో గానీ, తప్పు మాత్రం పోదు. ఒంట్లో ఏముందో దానికి ఆటగాడిదే బాధ్యత. డోపింగ్ చట్టానికి పునాది ఇదే.

హేల్స్ కేసు: దాచిపెట్టడం మంచిదా, చెడ్డదా?

2018లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు డేవిడ్ వార్నర్ దూరమైతే, ఆ ప్లేస్‌లో వచ్చింది ఇంగ్లండ్ ఓపెనర్ అలెక్స్ హేల్స్. తర్వాతి ఏడాది 2019 వరల్డ్ కప్ ముంగిట అతని పేరు మార్మోగింది. రిక్రియేషనల్ డ్రగ్ టెస్టులో ఫెయిలై 21 రోజుల సస్పెన్షన్‌లో ఉన్నాడని ఇంగ్లండ్ పేపర్లు రాశాయి. ఏప్రిల్ 29న ఇంగ్లండ్ బోర్డు అతన్ని వరల్డ్ కప్ సహా అన్ని జట్ల నుంచీ తప్పించింది.

ఇది వాడా టెస్టు కాదు. ఇంగ్లండ్ బోర్డు, ఆటగాళ్ల సంఘం కలిసి పెట్టుకున్న సొంత పాలసీ. దీని వెనుక ఒక విషాదం ఉంది. 2012 జూన్‌లో సర్రే బ్యాటర్ టామ్ మేనార్డ్ లండన్‌లో రైలు పట్టాలపై చనిపోయాడు. వయసు 23. మద్యం, డ్రగ్స్ తీసుకున్నట్టు విచారణలో తేలింది. తోటి ఆటగాళ్లు కదిలిపోయారు. 2013 నుంచి కౌంటీ ఆటగాళ్లకు జుట్టు శాంపిల్‌తో టెస్టులు మొదలయ్యాయి. మూత్రంలో కొన్ని రోజులకే మాయమయ్యే ఆనవాళ్లు జుట్టులో నెలల తరబడి ఉంటాయి.

మొదటిసారి దొరికితే పేరు బయటపెట్టరు. కౌన్సెలింగ్, చికిత్స ఇస్తారు. రెండోసారి దొరికితే 21 రోజుల సస్పెన్షన్, జీతంలో 5 శాతం ఫైన్. అదీ పద్ధతి. ఉద్దేశం మంచిదే. పేరు బయటపడుతుందంటే ఎవరూ సాయం అడగరు కదా.

కానీ హేల్స్ విషయంలో ఏమైంది? సస్పెన్షన్ సీక్రెట్‌గా ఉండాల్సింది, లీక్ అయింది. రూల్ ప్రకారం శిక్ష 21 రోజులే. కానీ కెప్టెన్ ఇయాన్ మోర్గాన్ నమ్మకం దెబ్బతిందన్నాడు. జట్టులోకి తిరిగి రావడానికి మూడేళ్లకు పైగా పట్టింది. 2022 టీ20 వరల్డ్ కప్ సెమీఫైనల్ టీమిండియా ఫ్యాన్స్ మర్చిపోలేరు. అడిలైడ్‌లో హేల్స్ 86 నాటౌట్, ఇంగ్లండ్ 10 వికెట్లతో గెలుపు!

దాచిపెట్టడంలో ఇంకో సమస్యా ఉంది. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ లీగ్ ఏఎఫ్ఎల్ 2005 నుంచి ఇలాంటి పాలసీనే నడుపుతోంది. ఆటగాడి విషయం డాక్టర్ దగ్గరే ఉండాలన్నది వాళ్ల పద్ధతి. 2024 మార్చిలో ఎంపీ ఆండ్రూ విల్కీ పార్లమెంటులో బాంబు పేల్చారు. మ్యాచ్ రోజు టెస్టులో దొరకకుండా ఉండటానికి ఆటగాళ్లను ముందే రహస్యంగా టెస్ట్ చేసి, గాయం సాకుతో పక్కన పెడుతున్నారని ఆరోపించారు. డాక్టర్లు ఆటగాళ్లను ఇలా ఆటకు దూరంగా ఉంచుతున్న మాట లీగ్ కాదనలేదు. ఇది వైద్యానికి సంబంధించిన విషయమని సమర్థించుకుంది. ఆటగాడిని కాపాడుతున్నారా, బిజినెస్‌ను కాపాడుకుంటున్నారా? ఆ గీత చాలా సన్నగా ఉంటుంది.

అమెరికా లీగ్‌ల రూట్ వేరు

అమెరికాలో బాస్కెట్‌బాల్ ఎన్‌బీఏ, ఫుట్‌బాల్ ఎన్‌ఎఫ్‌ఎల్, బేస్‌బాల్ ఎంఎల్‌బీ.. ఇవేవీ వాడా కోడ్ కింద లేవు. అక్కడ లీగ్ ఓనర్లు, ఆటగాళ్ల యూనియన్లు కూర్చుని బేరమాడి ఒప్పందం రాసుకుంటాయి. ఏ మందుకు టెస్టు, ఎన్నిసార్లు, ఏం శిక్ష.. అన్నీ ఆ ఒప్పందంలోనే ఉంటాయి.

ఎన్‌బీఏ 1983లోనే దీనికి శ్రీకారం చుట్టింది. తానంతట తాను వచ్చి సాయం అడిగిన ఆటగాడికి మొదటిసారి జీతం ఇస్తూనే చికిత్స. మూడోసారి దొరికితే లీగ్ నుంచి బయటికే. 1986లో మైఖేల్ రే రిచర్డ్‌సన్ అనే స్టార్‌పై అలాగే వేటు పడింది. అదే ఏడాది జూన్ 19న లెన్ బయాస్ చనిపోయాడు. బోస్టన్ సెల్టిక్స్ డ్రాఫ్ట్‌లో ఎంచుకుని రెండు రోజులే అయింది. కొకైన్ ప్రాణం తీసింది. వయసు 22. అమెరికా మొత్తం ఉలిక్కిపడింది.

బ్యాన్ అంటే కెరీర్ ముగిసినట్టేనా? కాదు. 2006లో డ్రగ్స్ రూల్స్ ఉల్లంఘించాడని క్రిస్ ఆండర్సన్‌ను ఎన్‌బీఏ బయటకు పంపింది. రెండేళ్లకు మళ్లీ తీసుకుంది. 2013లో మయామీ హీట్ ఛాంపియన్ అయినప్పుడు ఆ జట్టులో ఆండర్సన్ ఉన్నాడు. తలుపు వేశారు గానీ తాళం వేయలేదు.

బేస్‌బాల్‌లో రూల్ మార్చింది కూడా ఒక మరణమే. 2019 జూలై 1న ఏంజెల్స్ పిచర్ టైలర్ స్కాగ్స్ హోటల్ గదిలో చనిపోయి కనిపించాడు. వయసు 27. ఒంట్లో ఫెంటనిల్, ఆక్సికోడోన్, మద్యం దొరికాయి. అతనికి మందు ఇచ్చింది ఎవరో కాదు, అదే టీమ్‌లో పనిచేసే కమ్యూనికేషన్స్ ఉద్యోగి. 2022లో కోర్టు అతనికి 22 ఏళ్ల జైలు వేసింది. స్కాగ్స్ పోయిన ఐదు నెలలకే లీగ్, యూనియన్ కలిసి రూల్ మార్చాయి. నొప్పి తగ్గించే ఓపియాయిడ్ మందులకు టెస్టులు పెట్టారు. దొరికినవారికి ముందు పరీక్షలు, చికిత్స. చికిత్సకు సహకరించనివారికే శిక్ష. అదే సమయంలో గంజాయిని ఆ లిస్టు నుంచి తీసేశారు.

ఎన్‌ఎఫ్‌ఎల్ 2020 ఒప్పందంలో గంజాయి టెస్టులో దొరికినంత మాత్రాన సస్పెన్షన్ వేయడం ఆపేసింది. ఎన్‌బీఏ 2023 ఒప్పందంలో గంజాయిని టెస్టుల లిస్టు నుంచే తీసేసింది. అక్కడ చాలా రాష్ట్రాల్లో అది చట్టబద్ధం కావడం ఒక కారణం. మన దగ్గర మాత్రం ఆ పరిస్థితి లేదు. అక్కడి రూల్ చూసి ఇక్కడ ధైర్యం చేస్తే నేరుగా పోలీస్ స్టేషన్‌కే!

పాతకాలంలో ఇవేమీ లేవు. 1991లో ఇటలీలో నాపోలీకి ఆడుతూ డీగో మారడోనా కొకైన్‌తో దొరికాడు. 15 నెలల బ్యాన్ వేశారు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆ మత్తుతో పోరాడుతూనే ఉన్నాడు. ఆటకు దూరం చేయడం వేరు, మత్తుకు దూరం చేయడం వేరని ప్రపంచానికి అర్థం కావడానికి ఇలాంటి ఎన్నో జీవితాలు బలయ్యాయి.

బెట్టింగ్ ముఠాల వల: లీగ్‌లు భయపడేది దీనికే

ఆటగాడు ఖాళీ టైమ్‌లో ఏం చేసుకుంటే లీగ్‌కు ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు జింబాబ్వే మాజీ కెప్టెన్ బ్రెండన్ టేలర్ కథ వినాలి.

2019లో ఒక వ్యాపారవేత్త స్పాన్సర్‌షిప్, జింబాబ్వేలో టీ20 లీగ్ అంటూ టేలర్‌ను భారత్‌కు పిలిచాడు. ట్రిప్‌కు 15 వేల డాలర్లు ఇస్తామన్నారు. చివరి రోజు రాత్రి పార్టీలో కొకైన్ ఇచ్చారు. టేలర్ తీసుకున్నాడు. మర్నాడు ఉదయం ఆ వీడియో చూపించి బెదిరించారు. ఫిక్సింగ్ చేయకపోతే బయటపెడతామన్నారు. భయపడి డబ్బు తీసుకుని ఇంటికెళ్లాడు. తాను ఏ మ్యాచ్ ఫిక్స్ చేయలేదని టేలర్ అంటాడు. కానీ నాలుగు నెలల దాకా ఐసీసీకి చెప్పలేదు.

2022 జనవరిలో ఐసీసీ మూడున్నరేళ్ల బ్యాన్ వేసింది. 2021లో ఐర్లాండ్‌తో మ్యాచ్‌లో ఇచ్చిన శాంపిల్‌లో కొకైన్ దొరికినందుకు ఇంకో నెల కూడా అందులోనే కలిసింది. లెక్క చూడండి. డ్రగ్‌కు నెల, దాన్ని అడ్డం పెట్టుకుని అల్లిన వలలో చిక్కుకుని నోరు మెదపనందుకు మూడున్నరేళ్లు! టేలర్ రీహాబ్‌కు వెళ్లాడు. బ్యాన్ ముగిశాక 2025 ఆగస్టులో మళ్లీ టెస్టు ఆడాడు.

అందుకే మత్తు అలవాటు ఉన్న ఆటగాడు బుకీలకు ఈజీ టార్గెట్. సాయం అడగడానికి దారి ఉంటే బ్లాక్‌మెయిల్‌కు బలం తగ్గుతుంది.

మన దగ్గర లోటు ఎక్కడ?

ఒకటి, యూనియన్. అమెరికా, ఇంగ్లండ్‌లలో ఆటగాళ్ల తరఫున మాట్లాడే సంఘాలు ఉన్నాయి. మన దేశంలో 2019లో ఏర్పడ్డ ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్ రిటైరైన వాళ్ల కోసం. ఇప్పుడు ఆడుతున్నవాళ్ల తరఫున బోర్డుతో కూర్చుని పాలసీ రాయించే సంఘం లేదు.

రెండు, అవగాహన. వాడా లెక్కల ప్రకారం 2023లో మన దేశంలో 5,606 శాంపిల్స్ టెస్ట్ చేస్తే 213 పాజిటివ్ వచ్చాయి. భారీగా టెస్టులు చేసే దేశాల్లో మనదే చెత్త రేటు. ఇందులో కావాలని మందు కొట్టినవాళ్లూ ఉంటారు, ఎవరో చెప్పిన పౌడర్ తిని దొరికినవాళ్లూ ఉంటారు.

మూడు, చట్టం. డోపింగ్ రూల్‌లో నెల బ్యాన్‌తో బయటపడ్డా పోలీసు కేసు వేరే. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం కొకైన్, హెరాయిన్ లాంటివి వాడితే ఏడాది వరకు జైలు లేదా 20 వేల వరకు ఫైన్, లేదా రెండూ. గంజాయి లాంటి వాటికి ఆరు నెలల వరకు జైలు లేదా 10 వేల వరకు ఫైన్, లేదా రెండూ. అయితే చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైన వ్యక్తి తానే ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స తీసుకుంటే, వాడకం కేసు నుంచి రక్షణ దొరుకుతుంది. అంటే 'ముందు చికిత్స' అన్న మాట మన చట్టంలోనూ ఉంది. వాడుకునేవాళ్లే తక్కువ.

రామగిరి కుర్రాడికి ఇదంతా ఎందుకు?

గాలిమరలు తిరిగే రామగిరి కొండల కింద టెన్నిస్ బాల్ టోర్నీ ఆడే పిల్లాడిని ఎవరూ టెస్ట్ చేయరు. నిజమే. కానీ ఆ పిల్లాడు అక్కడే ఆగిపోడు కదా. బాగా ఆడితే జిల్లా సెలక్షన్స్, అనంతపురం ఆర్డీటీ గ్రౌండ్, ఆంధ్రా టీమ్, వైజాగ్‌లో మొదలైన ఆంధ్రా ప్రీమియర్ లీగ్.. అలా మెట్లు ఎక్కుతాడు. అదే ఆర్డీటీ గ్రౌండ్‌లో 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగి, టీమిండియా స్టార్లు వచ్చి ఆడిన సంగతి తెలిసిందే. కబడ్డీ ఆడేవాళ్లకు ప్రో కబడ్డీ కల ఉండనే ఉంది. బీసీసీఐ దేశవాళీ స్థాయికి వచ్చేసరికి నాడా శాంపిల్ బాటిల్ ఎదురుగా ఉంటుంది. అప్పుడు నేర్చుకుందాంలే అంటే ఆలస్యమవుతుంది.

అందుకే ఇప్పుడే గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవీ:

• మెడికల్ షాపులో దగ్గు సిరప్, ఆస్తమా మందు, నొప్పి మాత్ర కొనేముందు 'నేను ప్లేయర్‌ని' అని డాక్టర్‌కు చెప్పి రాయించుకోవాలి. నొప్పికి ఇచ్చే ట్రమడాల్ కూడా 2024 జనవరి 1 నుంచి మ్యాచ్ టైమ్‌లో నిషేధం.

• మందులో నిషేధిత పదార్థం ఉందో లేదో చూసుకోవడానికి నాడా 'నో యువర్ మెడిసిన్' యాప్ ఉంది.

• జిమ్‌లో 'స్టామినా ఇంజెక్షన్' అని ఎవరైనా ఇస్తే వద్దనాలి. హైదరాబాద్‌లో జిమ్‌లకు వచ్చే కుర్రాళ్లకు అమ్ముతూ పోలీసులకు పట్టుబడిన మెఫెంటెర్మైన్ ఇంజెక్షన్లు ఇలాంటివే. ఆపరేషన్ టైమ్‌లో బీపీ పడిపోతే వాడే మందు అది. గుండెకు ముప్పు, ఆటలో నిషేధం.

• సీనియర్ చెప్పాడు, కోచ్ ఇచ్చాడు అనే మాట పనికిరాదు. అయితే ఇచ్చినవాళ్లకూ తప్పదు. ఆటగాడికి నిషేధిత మందు ఇస్తే నాలుగేళ్ల నుంచి జీవితకాలం వరకు బ్యాన్ ఉంటుంది.

• ఇప్పటికే గంజాయి లాంటి అలవాటు ఉంటే దాచుకోవడం కంటే అడగడం మేలు. కేంద్రం నడిపే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. డ్రగ్స్ అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వాలంటే ఏపీలో ఈగల్ టీమ్ నంబర్ 1972, జాతీయ స్థాయిలో మానస్ హెల్ప్‌లైన్ 1933.

తల్లిదండ్రులకు, కోచ్‌లకు ఒక మాట. పిల్లాడు తప్పు ఒప్పుకుంటే టీమ్ నుంచి గెంటేయడం సులువు. కానీ గెంటేసిన రోజే వాడికి గ్రౌండ్ పోతుంది, ఫ్రెండ్స్ పోతారు, మిగిలేది ఆ అలవాటే. పెద్ద పెద్ద లీగ్‌లు కోట్లు పోగొట్టుకుని, ఆటగాళ్ల ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం ఇదే.

చివరగా.. నెల ఎక్కువా, 8 నెలలు ఎక్కువా?

మొదటి ప్రశ్నకే వద్దాం. రబాడకు నెల, షాకు 8 నెలలు. ఇది పెద్ద ప్లేయర్, చిన్న ప్లేయర్ తేడా కాదు. రెండు కేసుల మధ్యలో 2021లో రూల్ మారింది. రెండు మందులూ వేరు. ఒకటి మ్యాచ్ టైమ్‌లోనే నిషేధం, రెండోది ఎప్పుడూ నిషేధం. ఒకదానికి చికిత్స అనే తలుపు ఉంది, రెండోదానికి లేదు.

అయితే ఒక వెలితి మాత్రం నిజమే. తెలియక సిరప్ తాగినవాడు తెలిసి డ్రగ్ తీసుకున్నవాడి కంటే ఎక్కువ కాలం ఆటకు దూరమయ్యే పరిస్థితి ఇప్పటికీ ఉంది. మత్తులో పడ్డవాడికి దారి చూపిన రూల్, అమాయకంగా పొరపాటు చేసినవాడిని కూడా అదే కనికరంతో చూడాలా వద్దా? దానికి సమాధానం దొరికేదాకా మన కుర్రాళ్ల చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే. నోట్లో వేసుకునే ముందు సీసా మీద ఏం రాసుందో చదవడం!